రేటు బోర్డు పెట్టండి డాక్టరు గారూ: ఒక జిరాక్స్ షాపువాడి బహిరంగ లేఖ

విజయనగరంలో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే డాక్టర్లందరికీ, సొంత క్లినిక్కులు పెట్టుకున్నవారికీ, పశువుల ఆస్పత్రిలో పనిచేసేవారికీ నమస్కారం.

నాది కలెక్టరేట్ దారిలో చిన్న జిరాక్స్ షాపు. పద్దెనిమిదేళ్లుగా అదే పని. షాపులోకి రాగానే గోడమీద బోర్డు కనిపిస్తుంది: కాపీ 2 రూపాయలు, రెండువైపులా అయితే 3, కలర్ 10, లామినేషన్ 30. మొదట్లో ఆ బోర్డు లేదు. కాపీలు తీసి చేతికిచ్చాక రేటు చెప్పేవాణ్ని. "రెండు రూపాయలా? ఎదురు షాపులో రూపాయే కదా" అని రోజుకు పదిమందితో గొడవ. వాళ్లకు రూపాయి తగ్గిస్తే చాలనుకునేవాణ్ని. ఒకరోజు విసుగొచ్చి బోర్డు రాయించాను. రేటు అలాగే ఉంది, గొడవ ఆగిపోయింది. ఎక్కువనుకున్నవాడు బోర్డు చూసి గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతాడు. నాకూ నష్టం లేదు, అతనికీ అవమానం లేదు. ఈ ఉత్తరంలో మిమ్మల్ని అడగబోయేది ఇంచుమించు ఆ బోర్డే. దాని వెనక ఒక కథ ఉంది. అది చెప్పకుండా అడిగితే మీమీద పితూరీ చెప్పినట్టుంటుంది.

కథ మా బూడిదది. నాలుగేళ్ల కిందట ఒక వానాకాలం రాత్రి షాపు మూసేవేళ, టోనరు అట్టపెట్టెల వెనక దూరి వణుకుతూ కనిపించాడు. పొయ్యిలోంచి తీసినట్టు రంగు, అందుకే ఆ పేరు. ఏ జాతి అని అడిగేవాళ్లకి అయ్యకోనేరు గట్టు జాతి అని చెబుతాను. మా అమ్మ మొదటి వారం గుమ్మం దాటనివ్వలేదు. రెండో వారంలో తన పెరుగన్నంలోంచి మూడో వంతు వాడికి తీసిపెట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే, ఇలాంటి ఇళ్లు మీరు రోజూ చూస్తుంటారు.

కిందటేడు దసరా రోజుల్లో వాడు తిండి మానేశాడు. పిలిస్తే తోక ఆడించేవాడే గానీ లేచేవాడు కాదు. చల్లగా ఉండే చోటు వెతుక్కుని బండల మీద పొట్ట ఆనించి పడుకునేవాడు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి చెవి తిప్పి చూసి నన్ను పిలిచింది. లోపల ఆముదం గింజంత పిడుదు, నున్నగా, నిండుగా. పక్కన చిన్నవి మరో ఏడెనిమిది. గోమార్లు కుక్కన్నాక ఉంటాయిలే అని గిల్లి తీసి కిరసనాయిల్లో వేశాను. జ్వరం సంగతి పట్టించుకోలేదు.

పట్టించుకోలేదు అనడం కూడా అబద్ధమే. ఒక క్లినిక్కుకి ఫోన్ చేశాను. "సార్, కుక్కకి జ్వరంలా ఉంది, ఎంతవుతుందండీ?" అన్నాను. "తీసుకురండి, చూసి చెప్తాం" అన్నారు. చూడకుండా ఎవరు చెప్పగలరు? తప్పులేని జవాబే. కానీ మా వీధి చివర ఒకాయనకి లాబ్రడార్ ఉంది. ఆ కుక్కకి నాలుగు రోజుల వైద్యానికి 14,000 అయిందని వీధంతా చెప్పుకున్నారు. నా చెవిలో ఆ అంకె ఉండిపోయింది. చేతిలో ఉన్నది మూడు వేలు, పండగ ఖర్చు ఇంకా తీరలేదు. అక్కడికి వెళ్లాక పదివేలంటే ఏం చెయ్యాలి? కుక్కని బల్లమీద పడుకోబెట్టాక "వద్దులెండి" అని దింపుకుని రాగలమా? ఆ టెన్షన్‌తో క్లినిక్కుకి పోకుండా మందుల షాపుకి పోయాను. కుక్కకి జ్వరం, ఒళ్లు నొప్పులు అంటే, షాపు కుర్రాడు మనుషుల నొప్పుల మాత్ర ఇచ్చి సగం వెయ్యమన్నాడు. బెల్లం ముక్కలో పెట్టి వేశాను. మర్నాడు ఇంకో సగం.

తొలేళ్ల రోజు, అంటే పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ ముందురోజు, తెల్లవారుజామున మా అమ్మ కేకేసింది. "ఒరే నాయినా, ఈడి ముక్కంట రగతం కారతంది, సూడ్రా!"

సిరిమాను ముందురోజు విజయనగరం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మూడు లాంతర్ల సెంటరు వైపు ఆటో వెళ్లదు, కోట చుట్టూ జనం. పాత తువ్వాలులో వాడిని చుట్టి, గల్లీలు తిరిగి ఒక క్లినిక్కుకి చేర్చేసరికి గంటంబావు. పేరు చెప్పను, అవసరం లేదు. ఆ డాక్టరు గారు చెడ్డవారని కూడా అనను. పండగ రోజున తలుపు తీసి చూశారు, అందుకు రుణపడి ఉన్నాను. సెలైన్ పెట్టారు, మూడు ఇంజెక్షన్లు చేశారు, రక్తం తీశారు. ఒక కాగితం పొట్లంలో మాత్రలు పోసి ఇచ్చారు. 4,200 అన్నారు. దేనికెంత అని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే కుక్క మీద ప్రేమ లేనట్టు ఉంటుంది కదా. విజిటింగు కార్డు వెనక "4200" అని రాసిచ్చారు, అదే బిల్లు. రేపు రమ్మన్నారు.

రేపు సిరిమాను. క్లినిక్కు మూసి ఉంది, ఫోన్ కలవలేదు. అమ్మవారి పండగ రోజు ఎవరికైనా ఇల్లుంటుంది, దాన్ని నేను తప్పుపట్టను. బూడిద మాత్రం నల్లగా, తారులా విరేచనం చేసుకున్నాడు. మా బావమరిది బండి మీద ఊరికి అవతలి వైపున్న మరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

ఆయన మొదట అడిగింది: "నిన్న ఏమేం ఇచ్చారు?"

నా దగ్గర ఉన్నది కార్డు, పొట్లం. పొట్లంలోని మాత్రల రేకుని కత్తెరతో ముక్కలుగా కోసి ఉంది. ఒక్కో ముక్క మీద పేరులో ఒక అక్షరమో, "ఐ.పి." అనో, తేదీలో సగమో. ఆయన ఆ ముక్కల్ని బల్లమీద పరిచి, చిన్నపిల్లలు బొమ్మ అతికించినట్టు కాసేపు జరిపి చూసి, వదిలేశారు. నిన్నటి రక్త పరీక్ష ఫలితం అడిగారు. అది కార్డు ఇచ్చినవారి ఫోన్లో ఉంది. మళ్లీ రక్తం తీశారు. మళ్లీ 900. నాకు కోపం వచ్చిందక్కడ. డబ్బుకి కాదు, డాక్టరుకి దారి చూపించే కాగితం ఒక్కటీ నా చేతిలో లేనందుకు. రోజంతా జనం కాగితాలకి కాపీలు తీసేవాణ్ని నేను!

తర్వాత ఆయన అడిగిన రెండో ప్రశ్నకి నేను అబద్ధం చెప్పాను. "మనుషుల మాత్ర ఏదైనా వేశారా?" అంటే లేదన్నాను. మా అమ్మాయి నా మొహం చూసి, "రెండు రోజులు సగం సగం వేశాం సార్" అంది. ఆయన తిట్టలేదు. టిక్ ఫీవర్ అంటే పిడుదు కుట్టినప్పుడు లోపలికి పోయే సూక్ష్మజీవి వల్ల వస్తుందనీ, అందులో రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయనీ, నేను వేసిన మాత్ర కడుపు లోపలి పొరని గాయపరిచి, ఉన్న కాసిని ప్లేట్‌లెట్లనీ పనిచెయ్యనివ్వదనీ చెప్పారు. అగ్నికి ఆజ్యం నేనే పోశాను. మూడొందలో ఐదొందలో ఫీజు దగ్గర భయపడి ఆ పని చేశాను.

ఆయన చేసిన ఇంకో పని చెప్పాలి. బాత్రూంలో పెట్టుకునే తూకం ఒకటి మూల నుంచి తెచ్చి, ముందు నన్ను ఒక్కణ్నీ నిలబెట్టారు. తర్వాత బూడిదని ఎత్తుకుని నిలబడమన్నారు. తీసివేస్తే 17 కిలోలు. మందు తూకాన్ని బట్టి కదా. అప్పటిదాకా వాడిని ఎవరూ తూచలేదు.

ఆ తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు ముక్కలు రాశారు. మొదటిది, ఈ రోజు తప్పనిసరిగా చెయ్యాల్సినవి, ఒక్కోదానికి ఎంత, మొత్తం 1,650. రెండోది, వారం తర్వాత మళ్లీ రక్త పరీక్ష, దానికెంత. మూడోది, రక్తం ఆగకపోతే విశాఖ తీసుకెళ్లాలి, అక్కడ రక్తం ఎక్కించాల్సి రావచ్చు, అప్పుడు ఖర్చు చాలా ఎక్కువ, ముందే ఆలోచించుకోండి. కింద మందు పేరు అచ్చక్షరాల్లో: డాక్సీసైక్లిన్, రోజూ తిండితో పాటు, 28 రోజులు, మధ్యలో ఆపకూడదు. "మనుషులకి వాడే మందే, కాకపోతే ఇది నేను తూకం చూసి రాసింది. జన ఔషధి షాపులో అడగండి, చవగ్గా వస్తుంది" అన్నారు.

ఆ కాగితం చూశాక నా గుండె కుదుటపడింది. జబ్బు తగ్గలేదు, కుక్క ఇంకా అలాగే ఉంది. అయినా ఎంత దూరం నడవాలో తెలిసింది. బావమరిది దగ్గర రెండు వేలు బదులు తీసుకున్నాను, ఎప్పుడు తీర్చగలనో చెప్పి మరీ తీసుకున్నాను. 28 రోజులు పూర్తిచేశాం. ఆ కాగితానికి లామినేషన్ చేసి షాపులో పెట్టుకున్నాను. అన్నీ కలిపి ఎనిమిది వేలు దాటింది. మొదటి రోజే వచ్చుంటే ఎంతయ్యేదని తర్వాత ఆయన్నే అడిగాను. రెండు వేల లోపు అన్నారు.

అయ్యా, అమ్మా, మా బోటివాళ్లు జబ్బు ముదిరాక వస్తారని మీరు విసుక్కుంటారు. నిజమే, ముదిరాకే వస్తాం. ఎందుకంటే ఎంతవుతుందో తెలియదు. మీ ఫీజు 300 అని తెలిస్తే 300 తెస్తాం, 600 అని తెలిస్తే పక్కింట్లో అడిగి తెస్తాం. తెలియని అంకెకి మాత్రం ఎవడూ సిద్ధపడలేడు. దాన్ని మేం మా వీధిలో విన్న అతి పెద్ద అంకెతో నింపుకుంటాం, నాకు ఆ 14,000లాగా. ఆ లాబ్రడార్‌ది పార్వో అనే రక్తవిరేచనాల జబ్బని, నాలుగు రోజులు రాత్రింబగళ్లు సెలైన్ మీద ఉంచారని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ వైద్యానికి ఆ డబ్బు న్యాయమే. నా కుక్క జ్వరానికి ఆ అంకెతో సంబంధం లేదు. కానీ నాకు చెప్పినవాళ్లెవరు?

అందుకని అడుగుతున్నాను. ఎప్పుడూ మారని పనులు మీ దగ్గర కొన్ని ఉంటాయి. చూసినందుకు ఫీజు, రేబిస్ టీకా, ఏడు రోగాల టీకా, నట్టల మందు, పుండుకి కట్టు, రాత్రి పది దాటాక వస్తే ఎంత. వీటికి గోడమీద ఒక బోర్డు. అంతే. మీ పక్క క్లినిక్కు కన్నా వంద ఎక్కువ ఉన్నా ఫరవాలేదు, దానికి కారణం ఉంటే మాకూ అర్థమవుతుంది. ముందు చెప్పలేని జబ్బులకి, చూశాక, మందు మొదలుపెట్టే ముందు, ఆ డాక్టరు గారు రాసినట్టు ఓ కాగితం. ఈ రోజు ఏది తప్పదు, ఏది రేపటిదాకా ఆగుతుంది, తగ్గకపోతే ఏమిటి. డబ్బు తక్కువుంటే మేమే చెబుతాం, ఆ మూడింటిలో ఏది చెయ్యగలమో. "ఉన్నదాంట్లో ముందు ఏది చేస్తే మంచిదండీ?" అని అడిగే అవకాశం ఇవ్వండి. ఆ ప్రశ్న అడగడానికి సిగ్గుపడే చాలామంది కుక్కని ఎక్కడో వదిలేసి వస్తున్నారు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మెడపట్టీ ఉన్న కుక్కలు తిరుగుతున్నాయంటే ఎక్కడినుంచి వచ్చాయనుకుంటున్నారు?

ఇక మందుల చీటీ. మీ దగ్గరే మందులు అమ్ముకోండి, తప్పనను. ఊళ్లో కుక్కల మందులు దొరికే షాపులు నాలుగు లేవు, మీ దగ్గర ఉండబట్టే రాత్రిపూట ప్రాణాలు నిలబడుతున్నాయి. కానీ రేకు కొయ్యకండి. పేరు రాసివ్వండి, ఇచ్చిన ఇంజెక్షన్ పేరూ తూకమూ రాసివ్వండి. ఆ పేరు పట్టుకుని మేం మరోసారి సొంతంగా వాడేస్తామని మీ భయం కావచ్చు. ఆ భయం న్యాయమైనదే, నేనే అందుకు సాక్షిని. కానీ పేరు దాచినంత మాత్రాన సొంత వైద్యం ఆగలేదు కదా. నేను వాడింది మీరు దాచిన మందు కాదు, కూడలిలో అడగ్గానే ఇచ్చిన మందు.

మా తప్పులు కూడా రాయకపోతే ఈ ఉత్తరం ఏకపక్షం అవుతుంది. పాతిక వేలు పెట్టి పగ్ పిల్లని కొని, మీ 300 దగ్గర 200 తీసుకోమని బేరమాడేవాళ్లు మాలోనే ఉన్నారు. రాత్రి పదకొండుకి ఫోటో పంపించి "ఇదేం పుండు సార్" అని ఉచిత వైద్యం అడిగేదీ మేమే. ఇంజెక్షన్ చేస్తేనే డాక్టరనుకుంటాం. "ఏం లేదు, ఒకపూట పస్తు ఉంచండి, తగ్గిపోతుంది" అన్న డాక్టరుకి ఫీజివ్వడానికి చెయ్యి రాదు. ఆ మాట చెప్పడానికి ఆయన ఐదున్నరేళ్లు చదివాడని గుర్తుండదు. బాకీ పెట్టి మొహం చాటేసేవాళ్లుంటారని, అందుకే కొందరు ముందే డబ్బు కట్టించుకుంటారని ఒక డాక్టరు గారు చెప్పారు. ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. నా షాపులో కూడా అరువు పుస్తకం ఉంది, అందులో పాతికమంది మళ్లీ కనపడలేదు.

డాక్టరుని ఎంచుకోవడంలో కూడా మాకు తెలివి లేదు. ఏసీ ఉందా, అద్దాల తలుపు ఉందా, ఫోన్లో వీడియోలు పెడుతున్నారా అని చూస్తాం. మనవైపు పల్లెల్లో అయితే సూది పట్టినవాళ్లందరూ డాక్టర్లే. ఆవులకి కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర డాక్టరే, సచివాలయం పశుసంవర్ధక సహాయకుడూ డాక్టరే, క్లినిక్కులో కాంపౌండరూ డాక్టరే. వాళ్ల పని తక్కువదని కాదు, పల్లెలో ఆవుకి అర్ధరాత్రి దిక్కు వాళ్లే. కానీ 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, వైద్యం చెయ్యాల్సింది పట్టా ఉండి, మండలిలో పేరు నమోదైన పశువైద్యులు. మిగతావాళ్లు చిన్న చిన్న సేవలు చెయ్యొచ్చు, అదీ పశువైద్యుడి పర్యవేక్షణలో. మీకందరికీ రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. దాన్ని మీ బోర్డుమీద పేరు కింద రాయండి. మనుషుల డాక్టర్ల బోర్డులమీద చూస్తున్నాం కదా. అది కనపడితే ఎవరు ఎవరో మేమే పోల్చుకుంటాం, మీరు ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యక్కర్లేదు.

టీకాల దగ్గర కూడా ఇంతే. టీకా సీసా మీద అంటించిన చిన్న చీటీని ఒలిచి కుక్క పుస్తకంలో అతికించే డాక్టర్లున్నారు, పక్కన తేదీ, సంతకం. మా అమ్మాయి ఆ చీటీలు చూపించి నాకు పాఠం చెప్పింది: బ్యాచ్ నంబరు, గడువు తేదీ, అన్నీ దానిమీదే. పుస్తకంలో ఊరికే టిక్కు పెట్టి వదిలేసేవాళ్లూ ఉన్నారు. టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మందుల షాపులో కొని, ఐసు ముక్క వేసిన సంచిలో ఇంటికి తెచ్చుకుని, తెలిసినవాడితో పొడిపించుకునేవాళ్లని చూశాను. వంద రూపాయలు మిగిలింది అంటారు. ఎండలో కాసేపు ఉడికిన టీకా నీళ్లతో సమానం, ఆ సంగతి పార్వో వచ్చినప్పుడు తెలుస్తుంది.

పార్వో గురించి ఒక్క మాట, ఇది మీకు కాదు, ఈ ఉత్తరం చదివే మాబోటివాళ్లకి. కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా పడాలి. ఒక్కసారి వేయించి ఊరుకుంటే లాభం లేదు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం అది టీకాని పనిచెయ్యనివ్వదు, అందుకే మూడు నాలుగు వారాల తేడాతో నాలుగు నెలల వయసు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వేస్తారు. మూడు నెలలకి రేబిస్ టీకా, తర్వాత ఏడాదికోసారి. రక్తవిరేచనాలతో కుక్కపిల్ల చనిపోయిన ఇంట్లో వెంటనే ఇంకోదాన్ని తెచ్చుకోకండి. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగుకి చస్తుంది. పిడుదుల సంగతి నా సొంత అనుభవం: కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో ఉంటాయి. బూడిదకి మందు రాసినప్పుడల్లా షాపు వెనక గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చాను. ఆ సిమెంటుకి 80 రూపాయలయింది. నా ఎనిమిది వేల పక్కన ఆ 80 రాసి చూసుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇంకోటి, ఇంట్లో పిల్లి ఉంటే మనుషుల జ్వరం మాత్ర అసలు దగ్గరికి రానివ్వకండి. పారాసిటమాల్ పిల్లిని చంపేస్తుంది.

ఇప్పుడు నేను షాపు గల్లా పక్కన ఒక మట్టి ముంత పెట్టాను. రోజుకి పది రూపాయలు. ఏడాదికి 3,650. టీకాలకీ నట్టల మందుకీ పోగా కొంచెం మిగులుతుంది. కొందరు ఖాతాదారులు చిల్లర అందులో వేసి పోతున్నారు, బూడిద ముఖం చూసి.

పశువుల ఆస్పత్రి డాక్టర్లకి విడిగా రెండు మాటలు. మీ దగ్గర ఖర్చు పెద్దగా ఉండదు, ఏటా జూలై 6న పెంపుడు కుక్కలకి రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు, అది ఎంత మంచి పనో నాకు తెలుసు. 1885లో పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటి రేబిస్ టీకా వేసిన రోజట అది. కానీ మిగతా రోజుల్లో మీ ఆవరణలో కుక్కని తీసుకుని నిలబడ్డవాడికి తను తప్పుడు చోటికి వచ్చినట్టుంటుంది. ఒకవైపు ఆవుల్ని నిలబెట్టే ఇనప చట్రం, పక్కన గేదెల కోసం వచ్చిన రైతులు, "కుక్కకేటి బాబూ, మా ఆవుని ముందు సూడనియ్యి" అంటారు. అన్నది న్యాయమే, పాడి ఆవు వాళ్లకి నెల జీతం. అందుకే వారంలో రెండు సాయంత్రాలు, ఒక్కో గంట, కుక్కలకీ పిల్లులకీ అని పెట్టండి. ఆ గంటలో రైతుకి మేం అడ్డం రాం. 1962కి ఫోన్ చేస్తే పల్లెలకి బండి వస్తోంది, ఆ బండి ముఖ్యంగా పాడి పశువుల కోసం. పట్నంలో మాకు బండి అక్కర్లేదు, వేళ చెబితే మేమే వస్తాం.

గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మన జిల్లాలోనే. రాష్ట్రంలో ఇలాంటివి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒకటి రైలెక్కితే గంటలోపు దూరంలో ఉంది. నేర్చుకునే పిల్లలకి కేసులు కావాలి, మాకు తక్కువ ఖర్చులో నమ్మకమైన చెయ్యి కావాలి. నెలకి ఒక ఆదివారం కళాశాలవాళ్లు పట్టణంలో ఒక శిబిరం పెడితే, ఆడకుక్కలకి పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్లు వాళ్ల చేతుల మీద, పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో జరిగితే, ఎంతమంది వస్తారో చూడండి. మా వీధిలోనే మూడు ఆడకుక్కలున్నాయి. ఏటా పిల్లలు పెడతాయి, ఏటా సగం లారీల కింద పోతాయి. వాటిని పెంచేవాళ్లకి ఆపరేషన్ ఇష్టంలేక కాదు, రేటు తెలియక. మళ్లీ అదే మాట.

2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం పశు ఔషధి అనే పథకానికి ఆమోదం తెలిపింది. మనుషులకి జన ఔషధి ఉన్నట్టు పశువులకి జెనరిక్ మందులు, సహకార సంఘాల ద్వారా, కిసాన్ సమృద్ధి కేంద్రాల ద్వారా, 75 కోట్ల రూపాయలతో. పాడి పశువులకే కాకుండా మా కుక్కలకి వాడే మందులు కూడా ఆ జాబితాలో చేర్చమని మీరు పైవాళ్లకి రాయండి. నేను రాస్తే జిరాక్స్ షాపువాడి అర్జీ, మీరు రాస్తే పశువైద్యుల సిఫార్సు. కాపీలు ఎన్ని కావాలన్నా నేను తీసిపెడతాను.

కాపీలంటే గుర్తొచ్చింది. ఆ డాక్టరు గారు చేతితో రాసిన కాగితాన్ని చూసి నేనొక ఫారం తయారుచేశాను. ఎ ఫోర్‌లో సగం. పైన జంతువు పేరు, వయసు, తూకం. "ఈ రోజు తప్పనిసరి" అని ఒక గడి, "ఆగవచ్చు" అని ఒక గడి, "తగ్గకపోతే" అని ఒక గడి, మూడింటికీ పక్కన రూపాయలు రాసే చోటు. కింద ఇచ్చిన మందుల పేర్లు, మళ్లీ ఎప్పుడు రావాలి, డాక్టరు గారి సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. కింద మూలలో చిన్న అక్షరాల్లో "మనుషుల మాత్రలు ఏమైనా వేశారా?" అనే ప్రశ్న పెట్టాను. అవును, కాదు అని రెండు గళ్లు. నాలాంటివాడు నోటితో అబద్ధం చెబుతాడు, గడిలో టిక్కు పెట్టేటప్పుడు కొంచెం ఆలోచిస్తాడు.

మీలో ఎవరు అడిగినా మొదటి 200 ఫారాలు ఉచితం. మీ క్లినిక్కు పేరు పైన వేసి ఇస్తాను. ఆపైన కాపీ 2 రూపాయలు, బోర్డుమీద ఉన్న రేటే.

ఇట్లు,
బూడిద తాలూకు మనిషి,
జిరాక్స్ షాపు, కలెక్టరేట్ దారి, విజయనగరం

తా.క. షాపు పొద్దున్న తొమ్మిదికి తెరుస్తాను. మెట్టుమీద ఒక బూడిదరంగు కుక్క అడ్డంగా పడుకుని ఉంటుంది. దాటుకుని రండి, లేవడు. మీరు సూది తీసుకొస్తే మాత్రం వాసన పట్టేసి వెనక గోడ దగ్గరికి పోతాడు.